మేం వదిలేసిన ప్లేట్లు

రాంగోపాల్‌పేట్‌లో పాత పాటల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళం కొందరం కలిసి సరదాగా ఒక ఇంటర్నెట్ రేడియో పెట్టుకున్నాం. ఏ పాటలు వేయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు పెద్దగా చర్చే జరగలేదు. ఘంటసాల, సుశీల, లీల, జిక్కి, ఏ.ఎం. రాజా. 1951 నాటి ‘పాతాళభైరవి’ మొదలుకొని డెబ్బైల సగం దాకా. అందరం సరేనన్నాం. ఆ సరేనన్న చోటే మా తప్పంతా ఉంది. దాన్ని నేనొక్కణ్ణే నెత్తిన వేసుకుంటే అబద్ధమవుతుంది, ఇంకొకరి మీదికి నెడితే అన్యాయమవుతుంది. కలిసి చేశాం కాబట్టి ‘మేం’ అనే రాస్తున్నాను.

ఆ పాటలు గొప్పవి కావని ఎవరంటారు? కానీ మేం వేయకపోతే అవి వినపడకుండా పోతాయా? వివిధ భారతిలో వస్తాయి, టీవీలో వస్తాయి, మనవడి ఫోన్‌లో అడిగిన క్షణంలో వస్తాయి. వాటికి మా అవసరం లేదు. మా అవసరం ఉన్నవి అటకల మీద, ట్రంకుపెట్టెల్లో పడి ఉన్నాయి. లక్కతో చేసిన 78 ఆర్‌పీఎం ప్లేట్లు. పది అంగుళాల ప్లేటు, ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు లాంటి రంగస్థల గాయకుల గొంతులు వాటిలో ఉన్నాయి. నాటకాన్ని వరస ప్లేట్ల మీదికి ఎక్కించిన సెట్లున్నాయి. త్యాగరాజ కీర్తనలున్నాయి. నాటకశాలలో వన్స్‌మోర్ కొట్టించుకుని ఎంతసేపైనా రాగం తీసే నటుడు, ప్లేటు కోసం ఆ రాగాన్నంతా మూడు నిమిషాల్లోకి ఎలా కుదించాడో, ఏ సంగతి వదిలేశాడో, ఏది వదల్లేకపోయాడో చెప్పే సాక్ష్యం ఇంకెక్కడా దొరకదు. ఒక అభిరుచి రేడియో పుట్టాల్సింది ఇలాంటివాటి కోసమే. మేం మాత్రం మా కాలేజీ రోజుల పాటల దగ్గర ఆగిపోయి, వాటికే పాత అని పేరు పెట్టుకున్నాం. మేం పుట్టకముందు తెలుగువాళ్ళు ఏం విన్నారన్న ఆలోచనే మాకు రాలేదు.

ఆ రంగస్థల పద్యాలు వేస్తే ఎవరూ వినరని మాలో చాలామంది అన్నారు. మిగతావాళ్ళం మౌనంగా ఒప్పుకున్నాం. వేసి చూడకుండానే వినరని తీర్మానించాం. వ్యాపార ఎఫ్ఎం స్టేషన్‌కు ప్రకటనలు కావాలి కాబట్టి అది శ్రోతల లెక్క చూసుకుంటుంది. మాకు ప్రకటనలు లేవు, యజమాని లేడు, నష్టమొస్తుందన్న భయం లేదు. అంత స్వేచ్ఛ చేతిలో ఉండి కూడా ఎఫ్ఎంవాళ్ళ లెక్కే వేసుకున్నాం. మా వైఫల్యంలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

చట్టం సంగతి చూస్తే మా ఎంపిక ఇంకా తలకిందులుగా కనిపిస్తుంది. మన కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్ మీద హక్కు, అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. 1964లో వచ్చిన రికార్డు మీద హక్కు 2024తో తీరిపోయింది. సాహిత్యానికీ బాణీకీ మాత్రం లెక్క వేరు. రాసినవారు, స్వరపరిచినవారు పోయిన తర్వాత 60 ఏళ్ళు. పింగళి నాగేంద్రరావు 1971లో, ఘంటసాల 1974లో పోయారు. అంటే ‘పాతాళభైరవి’ పాటల్లో మాటల మీద 2031 దాకా, బాణీల మీద 2034 దాకా హక్కులుంటాయి. రేడియోలకు చట్టం ఇచ్చిన లైసెన్సు వెసులుబాటు ఇంటర్నెట్ ప్రసారాలకు వర్తించదని 2019లో బొంబాయి హైకోర్టు తేల్చింది. ఇవన్నీ తెలుసుకోకుండానే, ఎవరి అనుమతీ అడగకుండానే మేం పాటలు వేశాం. చిన్నవాళ్ళం, మమ్మల్నెవరు పట్టించుకుంటారులే అనుకున్నాం. ఆ పాటల మీద అంత ప్రేమ ఉన్నవాళ్ళం, వాటిని చేసినవాళ్ళ హక్కు గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

అదే పద్యనాటకాల సంగతి చూడండి. తిరుపతి వేంకట కవుల్లో తిరుపతి శాస్త్రి ముందే పోయారు, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950లో పోయారు. ఇద్దరు కలిసి రాసినదానికి చివర పోయినవారి నుంచి లెక్క కాబట్టి, పాండవ నాటకాల పద్యాలు 2010తో అందరివీ అయ్యాయి. హరిశ్చంద్ర పద్యాలు రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం 1953లో పోయారు. ఆ హక్కు 2013తో తీరింది. పాత ప్లేటు మీద రికార్డింగ్ హక్కూ లేదు, పద్యం మీద హక్కూ లేదు. వేయదగినవాటిని ఇలా చట్టమే మా ముందు పెడితే వాటిని పక్కకు నెట్టి, వేయకూడనివే వేశాం.

ప్లేట్లు మా దగ్గరికి రాకపోలేదు. ఇల్లు మారుతున్నవాళ్ళు, పెద్దవాళ్ళు పోయినవాళ్ళు ఇచ్చి వెళ్ళారు. వాటిని ఎల్పీలకు వాడే ముల్లుతోనే ఆడించాం. 78 గాడి వెడల్పు, దానికి దాదాపు మూడు మిల్లుల (మిల్లు అంటే అంగుళంలో వెయ్యో వంతు) ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు మిల్లు మందం కూడా ఉండదు. అది గాడి అడుగుకు దిగి అక్కడి దుమ్మునూ గీతలనూ గీకుతుంటే, వినపడిన బరబరకు ప్లేటే పాడైపోయిందని తీర్పు చెప్పాం. కొన్నింటిని స్పిరిట్‌తో తుడిచాం. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. కరిగాక ఆ గొంతు ఇక తిరిగి రాదు. అడిగితే చెప్పే పాత మెకానిక్కులు అప్పటికింకా ఉన్నారు. మేం అడగలేదు.

మా వీధుల్లో తెలుగు, ఉర్దూ, మార్వాడీ, గుజరాతీ, తమిళం ఒకదాని పక్కన ఒకటి వినిపిస్తాయి. అయినా మా ప్లేలిస్టులోకి తెలుగు సినిమా పాట తప్ప మరొకటి రాలేదు. అసలు ఈ జంట నగరాల్లో రేడియో మొదలైందే ఒకరి అభిరుచి మీద. 1933లో తపాలా తంతి శాఖ ఉద్యోగి మహబూబ్ అలీ చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్ల ట్రాన్స్‌మీటర్ పెట్టాడు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది, అదే దక్కన్ రేడియో అయింది. ఉర్దూకే పెద్దపీట వేసినా తెలుగు, మరాఠీ, కన్నడాలకూ అందులో చోటుండేది. రాజుగారి రేడియో ఇచ్చినపాటి చోటు కూడా మేం మా ఇరుగుపొరుగుకు ఇవ్వలేదు.

జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు నడిపే సంగం రేడియో ఉంది. స్టేషన్ 1998లోనే కట్టుకున్నారు, లైసెన్సు వచ్చి ప్రసారం మొదలైంది మాత్రం 2008 అక్టోబరు 15న. ఆ పదేళ్ళూ వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తమ యాసలో, తమ పాటలు, తమ విత్తనాల ముచ్చట్లు టేపుల మీద పట్టి దాచుకున్నారు. ఏది పోతే మళ్ళీ రాదో వాళ్ళు ముందే చూసుకున్నారు. మాకు లైసెన్సు కోసం ఎదురుచూసే పని లేదు, టవరు అక్కర్లేదు, చదువుంది, జీతాలున్నాయి. మా ఇళ్ళలో ముసలమ్మల మంగళహారతులను కూడా మేం ఫోన్‌లో పట్టుకోలేదు. వాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు.

మా రేడియో ఇంకా ఆగలేదు, సర్వర్‌కు డబ్బు కడుతూనే ఉన్నాం. అందుకే ఇది మావాళ్ళందరి ముందూ పెడుతున్నాను. సినిమా పాటలు ఆపేద్దాం. ఇంట్లో మిగిలిన ప్లేట్లు తీసుకురండి, పగిలినవైనా సరే, తుడవకుండా తీసుకురండి. 78కు సరిపోయే ముల్లు కొందాం. రోజుకు ఒక్క గంట చాలు, పద్యంతో మొదలుపెడదాం. పక్క సందులో ఉర్దూ, గుజరాతీ ప్లేట్లున్నవాళ్ళనూ పిలుద్దాం. ఈసారి వాళ్ళను అడిగాకే ఏం వేయాలో నిర్ణయిద్దాం.