అభ్యర్థి ఆడమనిషైతే చాలా?

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమన్నప్పుడు అందరిలాగే నేనూ జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. ట్రంకు పెట్టె, స్టడీ అవర్ గంట, ఆదివారం కోడికూర. అవి ప్రతి సంచికలోనూ ఉంటాయి, చదివితే బాగానే ఉంటాయి. కానీ 2024 ఎన్నికల నుంచి నా మనసులో ఒక తగువు నడుస్తోంది. అది మా అమ్మతో. ఇప్పుడు హాస్టల్లో ఉన్న చెల్లెళ్ళకు రేపోమాపో ఓటు హక్కు వస్తుంది కాబట్టి ఆ తగువునే ఇక్కడ పెడుతున్నాను.

మాది పాయకరావుపేట నియోజకవర్గంలో ఒక ఊరు. 2024 మే 13న నేను మొదటిసారి ఓటు వేశాను. పొద్దున్నే ఎండ ముదరకముందే అమ్మా నేనూ బడి దగ్గరికి బయల్దేరాం. దారిలో నేను ఊరుకోకుండా, "ఆడవాళ్ళం ఆడమనిషికే వెయ్యాలమ్మా" అన్నాను. డిగ్రీలో చదివిన మాటలు అప్పటికింకా తాజాగా ఉన్నాయి. అమ్మ ఆగి నా మొహం చూసింది. "ఆడమనిషని మొన్న సర్పంచికి ఎయ్యలేదేటి? ఏటైనాదే?" అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే మా ఊళ్ళో ఏమైందో నేనూ చూశాను. 2021 పంచాయతీ ఎన్నికల్లో మా సర్పంచ్ పదవి మహిళకు రిజర్వు అయింది. పోటీ చేసిన వాళ్ళంతా ఆడవాళ్ళే. గెలిచినామె పేరు బోర్డు మీద ఉండేది, కుర్చీలో మాత్రం ఆమె భర్త కూర్చునేవాడు. కాగితాలు ఇంటికి వెళ్తే ఆమె సంతకం పెట్టేది. ఊళ్ళో అందరూ ఆయన్నే 'సర్పంచిగారు' అని పిలిచేవారు. ఆమెను ఎవరూ అలా పిలవగా నేను వినలేదు. మా పేటకు కుళాయి లైను కావాలని మా వీధి ఆడవాళ్ళు రెండుసార్లు వెళ్ళి ఆయనకే చెప్పుకొని వచ్చారు.

కాబట్టి అభ్యర్థి ఆడమనిషి కావడం ఒక్కటే చాలదని ఒప్పుకుంటున్నాను. మన హాస్టల్లో పెరిగిన వాళ్ళకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు కూడా. ఇక్కడ అందరం ఆడపిల్లలమే కదా. మెస్ కమిటీకి ఎవరిని పెట్టాలన్నప్పుడు ఆడా మగా అనే మాటే రాదు. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఇద్దరి మధ్య తేల్చుకోవాల్సి వచ్చింది. ఒకరు రెండేళ్ళు కమిటీలో ఉన్న పదో తరగతి అక్క. రెండో అమ్మాయి ఎనిమిదో తరగతి, కమిటీ ముఖం ఎరగదు. కానీ రోజూ ఎన్ని గుడ్లు వచ్చాయి, ఎంతమందికి అందాయి అని నోటుబుక్కు చివరి పేజీలో రాసుకునేది. ఎవరూ రాయమనలేదు. మేము అక్కకే ఓటేశాం, అనుభవం ఉందని. ఆ అక్క మంచిదే. కానీ ఆ రెండేళ్ళలో ఆమె నేర్చుకున్నది ఎప్పుడు మాట్లాడకుండా ఉండాలో! పప్పు నీళ్ళలా ఉన్నా 'ఎందుకులే, పరీక్షల టైము' అనేది. ఆ నోటుబుక్కు పిల్లకు వెయ్యలేదే అని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఇదే పరీక్ష పెద్ద ఎన్నికల్లో కూడా వచ్చింది. 2019లో గోదావరి ఒడ్డున కొవ్వూరులో తానేటి వనిత గారు, వంగలపూడి అనిత గారు ఒకరి మీద ఒకరు పోటీ చేశారు. ఇద్దరూ మహిళలు, ఇద్దరూ దళితులు, ఇద్దరూ అంతకుముందు ఎమ్మెల్యేలుగా చేసినవాళ్ళు. అక్కడి ఆడవాళ్ళకు 'ఆడమనిషికే వేస్తాం' అన్న మాట ఏ దారీ చూపించదు. వనిత గారు గెలిచారు, 2022లో హోంమంత్రి అయ్యారు. ఓడిపోయిన అనిత గారు తిరిగి మా పాయకరావుపేటకు వచ్చి 2024లో గెలిచి హోంమంత్రి అయ్యారు. అంటే ఒకే బ్యాలెట్ మీద ఎదురెదురుగా ఉన్న ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు పోలీసు శాఖను చూశారు. వీళ్ళకు ముందు 2019లో ఆ పదవి చేపట్టిన మేకతోటి సుచరిత గారూ దళిత మహిళే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. ఈ ముగ్గురూ ఎస్సీ రిజర్వుడు స్థానాల నుంచి గెలిచి ఆ పదవికి వచ్చినవాళ్ళే: ప్రత్తిపాడు, కొవ్వూరు, పాయకరావుపేట. మన అనకాపల్లి లోక్‌సభ స్థానం కింద ఏడు అసెంబ్లీ సీట్లున్నాయి. 2024లో ఆ ఏడింటిలో గెలిచిన ఒకే ఒక్క మహిళ అనిత గారు. ఆ సీటు కూడా ఏడింటిలో ఒక్కటే ఉన్న ఎస్సీ సీటు. ఆడవాళ్ళకు రాజకీయం రాదని, దళితులకు పాలన చేతకాదని చెప్పేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే మంచిది. తలుపు కొంచెం తెరిస్తే రాగలవాళ్ళు ఉన్నారు. తెరవని చోట ఉన్నారో లేరో తెలిసేదెలా?

ఇప్పుడు అనుభవం సంగతికి వస్తాను. అసలు తగువు అక్కడే ఉంది.

ఎన్నికలొస్తే రచ్చబండ మీద వినిపించే మాట, "ఆవిడకేం అనుభవం ఉందండీ?" అని. ఈ ప్రశ్న నాయకుడి కొడుకును అడగరు. ఆయన తండ్రి పక్కన జీపులో తిరిగిందే అనుభవం కింద జమ. భార్య, కూతురు వస్తే మాత్రం 'ఆయన మాటే ఈమె మాట' అంటారు. మగవాడికి వారసత్వం అర్హత అవుతుంది, ఆడమనిషికి మచ్చ అవుతుంది. కూతుళ్ళంతా గెలుస్తారనీ కాదు. మన జిల్లాలోనే 2024లో మాడుగులలో బూడి ముత్యాలనాయుడు గారి కుమార్తె అనురాధ గారు పోటీ చేసి ఓడిపోయారు. ఓటర్లు తండ్రి పేరు చూసి కళ్ళు మూసుకుని వేసెయ్యలేదు. అడగాల్సిన ప్రశ్నే అయితే అందరినీ అడగాలి, అంతే నేను కోరేది.

మన పక్కనే ఉన్న అరకు లోక్‌సభ స్థానం చూడండి. 2014లో ప్రభుత్వ అధికారిగా పనిచేసి వచ్చిన కొత్తపల్లి గీత గారు గెలిచారు. 2019లో గొడ్డేటి మాధవి గారు గెలిచారు. బడిలో పీఈటీగా పనిచేసిన ఆమెకు అప్పటికి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. ఆమె ఓడించింది ఎవరిని? ఎన్నోసార్లు ఎంపీగా చేసి, కేంద్రంలో గిరిజన వ్యవహారాల మంత్రిగా చేసిన కిశోర్ చంద్రదేవ్ గారిని. మాధవి గారి తండ్రి దేముడు గారు ఎమ్మెల్యేగా చేశారు, ఆ పేరు సాయపడలేదని నేననను. పార్టీ గాలీ ఉంది. అయినా అంత అనుభవమున్న మనిషి ఎదురుగా ఉండగా మన్యం ఓటర్లు ఒక కొత్త అమ్మాయిని పంపడానికి భయపడలేదు. 2024లో అక్కడ మళ్ళీ ఇద్దరు మహిళల మధ్యే పోటీ. డాక్టర్ తనూజారాణి గారు గెలిచారు, అనుభవమున్న గీత గారు ఓడారు. వరసగా మూడుసార్లు మహిళే. ఎక్కువ చదువుకున్న ఊళ్ళు మావేనని చెప్పుకునే మైదానం వాళ్ళం దీని గురించి కొంచెం సిగ్గుపడాలి.

మన అనకాపల్లికి 2019లో డాక్టర్ సత్యవతి గారి రూపంలో మహిళా ఎంపీ వచ్చారు. ప్రసవాలు చేసే డాక్టరమ్మగా ఎంతోమంది ఆడవాళ్ళకు ముందే తెలిసిన మనిషి. 2024లో ఆమెకు టికెట్ రాలేదు. ప్రధాన పోటీ సి.ఎం.రమేష్ గారికీ, ముత్యాలనాయుడు గారికీ మధ్య జరిగింది. అంటే నా మొదటి ఓటు రోజున, ఎంపీ మిషను ముందు నిలబడినప్పుడు, నేను దారిలో అమ్మకు చెప్పిన సిద్ధాంతం ఎందుకూ పనికిరాలేదు. టికెట్లు ఇచ్చే గదిలోనే సగం ఎన్నిక అయిపోతోంది. మనం ఓటు గురించి వాదించుకుంటున్నాం గానీ ఆ గదిలో ఆడవాళ్ళు ఎంతమంది అన్నది ఎవరూ అడగట్లేదు. మహిళా రిజర్వేషన్ బిల్లు మొదటిసారి పార్లమెంటుకు వచ్చింది 1996లో. చట్టమైంది 2023లో. నేను పుట్టకముందు మొదలై డిగ్రీ చదువుతుండగా ముగిసింది. ముగిసిందని కూడా అనలేం, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలని ఆ చట్టంలోనే రాశారు.

ఆడవాళ్ళ ఓటు అంటే ఆడ అభ్యర్థికి వేసే ఓటే కానక్కర్లేదు, అదీ నిజమే. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం మన పాఠాల్లో చదివాం. 1994లో మద్యనిషేధం తెస్తామన్న ఎన్.టి.రామారావు గారికి ఆడవాళ్ళు ఓటేశారు. ఆయన మగవాడా కాదా అని చూడలేదు, తాగొచ్చి కొట్టే చెయ్యి ఆగుతుందా లేదా అని చూశారు. 1995 జనవరిలో నిషేధం వచ్చింది. 1997లో పోయింది. తెచ్చుకున్నది ఆడవాళ్ళు, తీసేసినప్పుడు అసెంబ్లీలో అడ్డుపడటానికి ఆడవాళ్ళు బహు కొద్దిమంది. నాకు ఈ రెండో సగమే ముఖ్యంగా కనిపిస్తుంది. ఓటేసి ఇంటికొచ్చేస్తే సరిపోదు, లోపల మనవాళ్ళు ఉండాలి.

లోపల ఉంటే ఏమవుతుందో పరీక్షించి చూసినవాళ్ళున్నారు. రాఘవేంద్ర ఛటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పశ్చిమ బెంగాల్లోని బీర్భూమ్, రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాల పంచాయతీలను పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించారు. డఫ్లో గారికి 2019లో నోబెల్ వచ్చింది. అక్కడ రిజర్వేషన్ మీద వచ్చిన మహిళా ప్రెసిడెంట్లకు మగవాళ్ళకంటే చదువు తక్కువ, అనుభవం తక్కువ. భర్తల చాటు వాళ్ళని అక్కడా అనేవారు. అయినా ఆ పంచాయతీల్లో మంచినీటి పనులు ఎక్కువ జరిగాయి. ఊళ్ళో ఆడవాళ్ళు ఎక్కువగా అడిగేది కూడా నీళ్ళ గురించే. బిందె మోసిన అనుభవం ఏ బయోడేటాలోనూ రాయరు, కానీ అదీ అనుభవమే.

ఇది చదివాక మా సర్పంచి గారి విషయంలో అమ్మా నేనూ తొందరపడ్డామేమో అనిపించింది. ఎందుకంటే ఆ కథ నేను చెప్పినచోట ఆగలేదు. మూడో ఏడు భర్తకు ఆరోగ్యం బాగాలేక ఆమె గ్రామసభకు ఒక్కతే వచ్చింది. మొదటి సభలో ఏమీ మాట్లాడలేదట. రెండోసారి మా వీధి ఆడవాళ్ళు కుళాయి గురించి అడిగితే, మీ వీధి ఎంత పొడుగుందో చూస్తానని చీకటి పడ్డాక నడిచి వచ్చింది. అన్నాళ్ళలో ఆవిడ మా పేటలో అడుగుపెట్టడం అదే మొదలు. తర్వాత పైపు వేశారు. సగం వీధి వరకే వచ్చింది, మా ఇల్లు మిగతా సగంలో ఉంది. ఆమె గొప్పదని నేను చెప్పట్లేదు. కానీ ఆ కుర్చీలో ముందు కూర్చుంటేనే కదా ఎవరికైనా పని తెలిసేది! మగవాళ్ళకు ఆ నేర్చుకునే గడువు మనం తరతరాలుగా ఇస్తున్నాం, ఎవరమూ లెక్క అడగకుండా.

అందుకే నేను ఇప్పుడు చూస్తున్నది ఇది. ఈ మనిషి గెలిస్తే సంతకం ఎవరిది, నిర్ణయం ఎవరిది? ఇంతకుముందు పదవిలో ఉంటే ఆ ఏళ్ళలో ఏం చేశారు, ఎప్పుడు ఊరుకున్నారు? మా పేటకు ఎన్నికలు లేనప్పుడు వచ్చారా? చదువు, ఆస్తులు, కేసులు అఫిడవిట్‌లో రాసివ్వాలని 2002, 2003లో సుప్రీంకోర్టు చెప్పింది, అది ఎవరైనా చూడొచ్చు. ఇవన్నీ చూశాక ఇద్దరూ ఇంచుమించు సమానమైతే నా ఓటు మహిళకే. అనుభవంలో ఆమె ఒక మెట్టు తక్కువున్నా ఆమెకే. ఆ మెట్టు ఆమె తప్పు కాదు కాబట్టి. మరీ చేతకాని మనిషికి, ఇంకొకరి చేతి బొమ్మకు మాత్రం చీర చూసి వెయ్యను.

అమ్మతో ఇదంతా చెప్పాను. "నా ఒక్క ఓటుకి ఇంత ఆలోచనేటే" అంది. 1989లో మన అనకాపల్లి ఎంపీ సీటు 9 ఓట్ల తేడాతో తేలిందని చెప్పాను. కొణతాల రామకృష్ణ గారు గెలిచిన ఎన్నిక అది. అమ్మ నమ్మలేదు, వీధి చివర ఉండే మాస్టారిని అడిగి వచ్చింది. వచ్చి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని, "సర్పంచికి నిలబడాలంటే ఎన్నేళ్ళుండాలే?" అని అడిగింది.

ఇరవై ఒకటి అన్నాను. నాకు ఇరవై మూడు. అమ్మ నా వైపు చూస్తూనే ఉంది. పీజీ పరీక్షలు అయ్యాక మాట్లాడదామని చెప్పాను.