పొగగొట్టము కడనే లెక్క తేలవలెను

మిరప యార్డులో టిక్కీలు దిగు దినములలో గొంతు మండినచో గుంటూరువారు కారణమును వెదకికొన నక్కరలేదు. ఆ ఘాటు తన యునికిని తానే చాటుకొనును. కాని బ్రాడీపేటలోని వైద్యశాలల ముంగిట ఏడాది పొడవున ఆయాసపడుచు కూర్చుండు వృద్ధుల ఊపిరితిత్తులలో చేరినది మిరప కోరు మాత్రమే యనుకొనుట పొరపాటు. ఇచటికి పాతిక మైళ్ళ లోపున, ఇబ్రహీంపట్నములో, 1979 నుండి బొగ్గు మండుచున్న నార్ల తాతారావు థర్మల్ విద్యుత్కేంద్రము కలదు. దాని సామర్థ్యము నేడు 2560 మెగావాట్లు. మన యిండ్ల దీపములకు ఆధారమైన ఆ కేంద్రము నడువవలసినదే. అయితే బొగ్గులోని గంధకము సల్ఫర్ డయాక్సైడుగా మారి ఆకాశమున కెక్కకుండ అడ్డగించు స్క్రబ్బరు దానికి విధిగా నుండవలెను, ఆ యంత్రము నిజముగా పనిచేయుచున్నదో లేదో ప్రజల యెదుట పరీక్షింపబడవలెను.

ఆ యంత్రములో గూఢమేమియు లేదు. సున్నపురాతిని మెత్తగా నూరి, నీట కలిపి, పాలవలె తెల్లనైన ఆ ద్రవమును ఎత్తైన పాత్రలో పైనుండి జల్లుగా చిమ్ముదురు. క్రిందినుండి పోవు పొగలోని వాయువు అందులో కరగి, గాలి సోకిన పిమ్మట జిప్సముగా పేరుకొనును. సున్నపురాయి పిడుగురాళ్ళ ప్రాంతమున విస్తారముగా నున్నది. జిప్సమును కొనుటకు పల్నాటి సిమెంటు కర్మాగారములున్నవి. ఇబ్రహీంపట్నమునకు ఎగువన, కృష్ణ యొడ్డున నున్న అమరావతి స్తూపపు శిల్పములు చెక్కినదియు పల్నాటి సున్నపురాతితోనే. స్క్రబ్బరులో రాతిని జిప్సముగా మార్చు ఆ వాయువే ఆరుబయట తేమతో కలిసి శిల్పమును తినగలదు.

2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము బొగ్గు విద్యుత్కేంద్రముల పొగలోని ఈ వాయువునకు తొలిసారి హద్దులు విధించి, రెండేండ్ల గడువిచ్చెను. గడువు మీద గడువు పెరిగి, తుదకు 2025 జూలైలో దేశములోని యూనిట్లలో దాదాపు 78 శాతమునకు ఆ నిబంధననే తొలగించిరి. పదిలక్షల జనాభాగల నగరములకు పది కిలోమీటర్ల లోపున్నవానికి అది వర్తించును, గాలి చెడిన పట్టణములకు అంత దగ్గర నున్నవాని సంగతి విడిగా పరిశీలింపబడును. మన బొగ్గులో గంధకము తక్కువయనియు, స్క్రబ్బరు ఖరీదైనదే గాక కొంత విద్యుత్తును తానే వాడుకొనుననియు, నేలమీది గాలిలో ఈ వాయువు హద్దు దాటుట లేదనియు చెప్పిన వాదములు తేలికగా త్రోసివేయదగినవి కావు. అయితే ఆ వాయువు వాయువుగానే నిలిచియుండదు. గాలిలో పయనించుచు, యూరియా చల్లిన పత్తి, మిరప చేలనుండి వెడలు అమ్మోనియాతో కూడి, సూక్ష్మమైన సల్ఫేటు ధూళిగా మారి, వందల కిలోమీటర్లు పోగలదు. అప్పుడు దానిని కొలిచినవారు ధూళి యందురేగాని, బొగ్గు పొగ యనరు. ధూళి ప్రమాణములు దాటిన పట్టణముల జాబితాలో గుంటూరును కలదు. అట్టి గాలికి పది కిలోమీటర్ల గీత యేమి లెక్క?

కనుక కొలత పొగగొట్టము కడనే జరుగవలెను. గుత్తేదారు స్క్రబ్బరును అప్పగించు నాటి పరీక్ష ఒక్కటి చాలదు. నెలలు గడచినకొలది చిమ్ముగొట్టములలో పెచ్చులు కట్టును, ద్రవపు ఆమ్లత తప్పును, పొగను స్క్రబ్బరు తాకకుండ మళ్ళించు పక్కదారి తెరచియుండవచ్చును. పొగ లోనికి పోవుచోట, వెలికి వచ్చుచోట, పూర్తి భారమునను తక్కువ భారమునను, కొలత పరికరమును తెలిసిన వాయువుతో సరిచూచి, గుత్తేదారుతోను కేంద్రముతోను సంబంధములేని సంస్థచేత ఏటేట పరీక్షింపజేయవలెను. గంటగంటకు వచ్చు అంకెలను తెలుగులో, బెజవాడలోను గుంటూరులోను, అందరికి కనబడునట్లు ప్రకటింపవలెను.

లండనులోని బాటర్సీ విద్యుత్కేంద్రమున 1930ల దశకములోనే థేమ్స్ నీటితో పొగను కడిగిరి. కడిగిన నీరు తిరిగి థేమ్స్‌లోనే కలిసెను. ఇచట ఆ పొరపాటు జరుగరాదు. స్క్రబ్బరునుండి వెలువడు నీటినికూడ పరీక్షించిన పిదపనే కృష్ణలోనికి విడువవలెను.