పెద్దాయనకు ఎన్ని బంతులు?

ఖరగ్‌పూర్ లోకో పైలట్ల ఇళ్లలో వైద్య పరీక్ష చిన్న విషయం కాదు. కంటిచూపు ఎలా ఉంది, రంగులు గుర్తుపట్టగలడా అని రైల్వే డాక్టర్లు నిర్ణీత గడువుల్లో చూస్తారు. వయసు పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. పరీక్ష తప్పితే ‘డీకేటగరైజ్’ చేశారంటారు. ఎంత అనుభవం ఉన్నా ఇక ఇంజిన్ ఎక్కకూడదు. అయితే ఉద్యోగం పోదు, తగిన మరో పని చూపిస్తారు, జీతానికి రక్షణ ఉంటుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది ఇంట్లో వినపడే మాటే.

ఇదే ఊళ్లో 2001లో టికెట్ కలెక్టర్‌గా చేరి, సెర్సా స్టేడియంలో రైల్వేకు ఆడిన రాంచీ కుర్రాడు మహేంద్రసింగ్ ధోనీకి మాత్రం అలాంటి చీటీ రాసిచ్చేవారు దొరకలేదు. ఆయన్ను ఎలా వాడుకోవాలన్నది చెన్నై సూపర్ కింగ్స్‌కు కొన్నేళ్లుగా తెగని లెక్క. ఒక ఏడాది అది అద్భుతంగా కుదిరింది. తర్వాత అదే లెక్క జట్టును అట్టడుగుకు దించింది.

ఖరగ్‌పూర్‌లో కోరమండల్ ఎక్కితే విశాఖ మీదుగా చెన్నై చేరుతుంది. ధోనీ ప్రయాణంలోనూ విశాఖ ఉంది. 2005 ఏప్రిల్ 5న అక్కడ మూడో స్థానంలో దిగి పాకిస్థాన్‌పై 123 బంతుల్లో 148 పరుగులు చేసి దేశానికి తెలిశాడు. అదే మైదానంలో 2024 మార్చి 31న ఢిల్లీ క్యాపిటల్స్‌పై దిగింది ఎనిమిదో స్థానంలో. 16 బంతుల్లో అజేయంగా 37 పరుగులు. స్టేడియం హోరెత్తింది. చెన్నై మాత్రం 20 పరుగుల తేడాతో ఓడింది. గెలుపు ఓటములతో నిమిత్తం లేని ఈ ఆనందమే అసలు చిక్కు.

కుదిరిన ఏడాది 2023. మోకాలి నొప్పితో ఆడిన ధోనీ ఆ సీజన్ మొత్తంలో ఎదుర్కొన్నది 57 బంతులు, చేసింది 104 పరుగులు. రెండు ప్లేఆఫ్ మ్యాచ్‌లలో కలిపి మూడు బంతులు ఆడి ఒకే పరుగు చేశాడు. అహ్మదాబాద్ ఫైనల్లో తొలి బంతికే అవుటయ్యాడు. అయినా కప్పు చెన్నైదే. ఎందుకంటే కాన్వే 672, రుతురాజ్ గైక్వాడ్ 590, శివమ్ దూబే 418 పరుగులతో బరువు మోశారు. చివర్లో రెండు సిక్సర్లు, మధ్యలో బుర్ర, వికెట్ల వెనక చేతులు. ఆయన నుంచి జట్టు కోరింది అంతే. ఫైనల్లో శుభ్‌మన్ గిల్‌ను స్టంప్ చేసిన వేగం ఆ చేతులదే. కప్పు గెలిచిన మూడో రోజున మోకాలికి శస్త్రచికిత్స జరిగింది.

ఇక్కడే యాజమాన్యం తప్పు పాఠం నేర్చుకుంది. ధోనీని కిందికి దించితే సరిపోతుందనుకుంది. ఆయన కింద ఉండాలంటే పైవాళ్లు ఆడాలన్నది మరిచింది. 2024లో 73 బంతుల్లో 161 పరుగులు కొట్టినా జట్టు ప్లేఆఫ్స్‌కు చేరలేదు. 2025 మార్చి 28న చెపాక్‌లో బెంగళూరుపై ఆయన అశ్విన్ తర్వాత తొమ్మిదో స్థానంలో వచ్చాడు. అజేయంగా 30 కొట్టేసరికి మ్యాచ్ ఎప్పుడో చేజారింది. తర్వాతి మ్యాచ్ అయ్యాక కోచ్ స్టీఫెన్ ఫ్లెమింగ్ ఉన్నమాట చెప్పాడు: మోకాళ్లు మునుపటిలా లేవు, పది ఓవర్లు పరుగెత్తుతూ బ్యాటింగ్ చేయలేడు, ఎప్పుడు దిగాలన్నది ఆ రోజు ఆయనే అంచనా వేసుకుంటాడు. నిజాయితీగల మాటే. కానీ ఫిట్‌నెస్ చీటీని డ్రైవరే రాసుకుంటే రైల్వే ఒప్పుకుంటుందా?

ఆ సీజన్లో పైవరుస కూలిపోవడంతో రెండేళ్ల కిందట 57 బంతులు ఆడిన మనిషి 43 ఏళ్ల వయసులో 145 బంతులు ఆడాల్సి వచ్చింది. స్ట్రైక్ రేటు 220 నుంచి 135కు పడింది. ఏప్రిల్లో గైక్వాడ్ మోచేతి గాయంతో తప్పుకోగానే కెప్టెన్సీ కూడా మళ్లీ ఆయన భుజాలమీదే పడింది. చెన్నై చరిత్రలో తొలిసారి చివరి స్థానంలో నిలిచింది.

వారసత్వం విషయంలోనూ ఇదే తీరు. 2022లో సీజన్‌కు రెండు రోజుల ముందు జడేజాకు పగ్గాలిచ్చారు. ఎనిమిది మ్యాచ్‌లలో రెండే గెలవడంతో మళ్లీ ధోనీకే అప్పగించారు. 2024లో గైక్వాడ్ పేరు ప్రకటించింది తొలి మ్యాచ్‌కు ఒక్కరోజు ముందు. రాజనీతి శాస్త్రం చదివినవారికి బెంగాల్‌లోనే ఇందుకు భిన్నమైన ఉదాహరణ కనిపిస్తుంది. 86 ఏళ్ల జ్యోతి బసు 2000 నవంబర్లో బుద్ధదేవ్ భట్టాచార్యకు కుర్చీ అప్పగించారు. ఎన్నికలకు ఇంకా ఆరు నెలలుంది. కొత్త నాయకుడు కుదురుకున్నాడు, వామపక్ష కూటమి 2001లో గెలిచింది. మరోవైపు ఖరగ్‌పూర్‌కు ‘చాచా’ అయిన జ్ఞాన్ సింగ్ సోహన్‌పాల్ పదిసార్లు శాసనసభకు వెళ్లారు. 2016లో 91 ఏళ్ల వయసులో కాంగ్రెస్ ఆయన్నే నిలబెట్టింది. ఓడిపోయారు. ఊరికి ఆయనపై గౌరవం తగ్గిందని కాదు. మరొకరిని తయారు చేసే పని పార్టీ చేయలేదు.

అమెరికా బాస్కెట్‌బాల్‌లో శాన్ ఆంటోనియో స్పర్స్ కోచ్ గ్రెగ్ పొపోవిచ్ ఈ పనిని బాహాటంగా చేశాడు. 2012 నవంబర్లో మయామీతో మ్యాచ్‌కు ముందు టిమ్ డంకన్‌తో సహా నలుగురు ప్రధాన ఆటగాళ్లను విశ్రాంతి కోసం ఇంటికి పంపేశాడు. టికెట్ కొన్న జనం మండిపడ్డారు. లీగ్ రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. అయినా పద్ధతి మారలేదు. 2013-14 సీజన్లో ఆ జట్టులో ఒక్కరికీ సగటున మ్యాచ్‌కు 30 నిమిషాలు మించి ఆట దక్కలేదు. 38 ఏళ్ల డంకన్ ప్లేఆఫ్స్ నాటికి మిగిలి ఉన్నాడు, అదే మయామీని 4-1తో ఓడించి టైటిల్ అందుకున్నాడు. జనం అలిగినా కోచ్ నిలబడ్డాడు.

ధోనీ ఎన్నేళ్లు ఆడాలన్నది ఆయన సొంత విషయమని అభిమానులంటారు. కాదు. జట్టులో పదకొండు మందికే చోటు. గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ 2023 నుంచి చెన్నై బృందంలో ఉన్నా తొలి మ్యాచ్ దక్కింది 2025 ఏప్రిల్ 14న, అదీ జట్టు వరుసగా ఓడుతున్నప్పుడు. లక్నోపై ఓపెనర్‌గా 19 బంతుల్లో 27 చేశాడు. చివర్లో 11 బంతుల్లో అజేయంగా 26 కొట్టి ధోనీ మ్యాచ్ గెలిపించాడు. రషీద్ కోరుకున్నది ధోనీ స్థానం కాదు, నిజమే. కానీ నిన్నటి జట్టును నిలబెట్టే పనిలో రేపటి జట్టును మరిచినప్పుడు నష్టపోయేది ఇలాంటి కుర్రాళ్లే. పెద్దాయన చివరి మెరుపులు విలువైనవయ్యేది కూడా ముందు ఎవరో పరుగులు చేసినప్పుడే.

అదే గుంటూరుకు చెందిన అంబటి రాయుడు 2023 ఫైనలే తన చివరి ఐపీఎల్ మ్యాచ్ అని ముందే ప్రకటించి, ఎనిమిది బంతుల్లో 19 కొట్టి, కప్పు అందుకుని వెళ్లాడు. అందరికీ అంత తేలిక కాదు. తేలిక కానప్పుడే సంస్థ పూనుకోవాలి. సీజన్‌కు ముందే పాత్ర ఏమిటో తేల్చాలి. ఎన్ని మ్యాచ్‌లు, ఏ స్థానం, ఆయన లేని రోజు ఎవరు అన్నది బయటికి చెప్పాలి. గౌరవం తగ్గకుండా పని మార్చడం అవమానం కాదు. ఖరగ్‌పూర్‌లో బండి దిగిన డ్రైవరుకు ఆ సంగతి తెలుసు. కష్టంగానే దిగుతాడు, కానీ వెనక బోగీల్లో ఎందరున్నారో గుర్తుంచుకుని దిగుతాడు.