వడదెబ్బకు విరుగుడు షెడ్డులోనే ఉంది

ఎండలు ముదిరేసరికి కోళ్ల మందుల దుకాణాల్లో ఉసిరి, తులసి, అశ్వగంధ సారాల సీసాలు బారులు తీరతాయి. వాటిని నీళ్లలో కలిపి పోస్తే బ్రాయిలర్ కోడి రోహిణి కార్తెను కూడా గట్టెక్కుతుందన్న నమ్మకం రైతుల్లోనూ, వాళ్లకు సలహాలిచ్చేవాళ్లలోనూ బలంగా నాటుకుపోయింది. ఈ నమ్మకం తప్పు. దానికి మూల్యం చెల్లిస్తున్నది రైతు, ఆ కోడి.

కోడికి చెమట గ్రంథులు లేవు. మామూలు రోజుల్లోనే దాని ఒంటి వేడి 41 డిగ్రీల పైన ఉంటుంది. మేత అరిగేటప్పుడు పుట్టే వేడిని అది చుట్టూ ఉన్న గాలికి వదలాలి, లేదా నోరు తెరిచి ఒగర్చి ఊపిరిలోని తేమతో పాటు బయటికి పంపాలి. షెడ్డులో గాలి 40 డిగ్రీలకు చేరితే మొదటి దారి దాదాపు మూసుకుపోతుంది, ఇక ఒగర్పే దిక్కు. ఒగర్చేకొద్దీ రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తగ్గిపోయి క్షారగుణం పెరుగుతుంది. కోస్తాలోలా గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఎంత ఒగర్చినా వేడి దిగదు. అమ్మకానికొచ్చిన రెండు కిలోల కోడి మధ్యాహ్నం పూట కూలబడేది అందుకే. ఒంట్లోని వేడికి బయటికి దారి దొరకలేదు, ఆ దారిని ఏ మూలికా తెరవలేదు.

ఉసిరిలో ఉండే విటమిన్ సి పనిచేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి కదా అంటారు. నిజమే. కోడి తన మూత్రపిండాల్లో ఆ విటమిన్‌ను తనే తయారుచేసుకుంటుంది, తీవ్రమైన ఎండలో అది చాలదు. అదనంగా ఇస్తే మేత, బరువు కొంత మెరుగుపడినట్టు చాలా ప్రయోగాల్లో తేలింది. బీటైన్, వంటసోడా, పొటాషియం లవణాల వల్లా కొంత మేలుంది. అయితే ఆ ప్రయోగాల్లో చోటు, గాలి, నీరు అన్ని కోళ్లకూ ఒకేలా అందుతాయి, విటమిన్‌ను తూచి మరీ ఇస్తారు. ఉసిరి సారం సీసా మీద అందులో విటమిన్ ఎంతుందో చాలాసార్లు రాసే ఉండదు. ఉన్నదీ వేడికి, గాలికి, నీటిలోని క్లోరిన్‌కు త్వరగా చెడిపోతుంది. ఆ నీళ్లు కోడిని చేరే తీరు కూడా చూడండి. రేకుల కప్పు పక్కన ఎండలో నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు, అక్కణ్ణుంచి నీడ లేకుండా పరిచిన పైపు. మధ్యాహ్నం రెండింటికి కోళ్లు నీళ్లు తాగే నిపుల్ నొక్కితే అరచేతిలో పడేవి వేడినీళ్లు. కోడి వాటిని సరిగా తాగదు. తాగని నీళ్లలో ఏం కలిపినా వృథానే. ట్యాంకుకు నీడ, పైపుకు తడి గోనెపట్టా ఆ సీసా కన్నా ముందు కావాలి. మేలు లేకపోయినా కీడు లేదుగా అనేవాళ్లు ఆ పైపు లోపల కూడా చూడాలి. తియ్యటి ద్రావణాలు పోస్తూ పైపులు కడగకపోతే లోపల జిగురు పట్టి, సరిగ్గా నీళ్లు కావలసిన రోజునే నిపుల్స్ మూసుకుపోతాయి.

చిన్న రైతు ఏసీ షెడ్డు కట్టగలడా అన్నది ఇంతకన్నా గట్టి ప్రశ్న. కట్టలేడు. కానీ కప్పుకు సున్నం వేయడం, తాటాకో వరిగడ్డో పరిచి తడపడం, పొద్దెక్కకముందే మేత తీసేసి సాయంత్రం చల్లబడ్డాక పెట్టడం అతని చేతిలో ఉన్నవే. ఫ్యాన్లు మాత్రం కావాలి. గాలి కదలని చోట నీటి తుంపరలు చల్లే ఫాగర్లు తేమను పెంచి ఒగర్పును ఇంకా కష్టం చేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, వేసవి బ్యాచ్‌లో పిల్లల సంఖ్య తగ్గించాలి.

ఆ సంఖ్య చాలాచోట్ల రైతు చేతిలో లేదు. కంపెనీతో ఒప్పందం మీద కోళ్లు పెంచే ఇంటిగ్రేషన్‌లో పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కష్టం రైతువి. కోళ్లు చస్తే రైతుకు వచ్చే పెంపకం కూలి తగ్గుతుంది. అప్పుడు ఎన్ని పిల్లల్ని దించారన్న ప్రశ్న పక్కకుపోయి, మందు సరిగా పోశావా అన్న ప్రశ్నే మిగులుతుంది. సీసా మీద నమ్మకం ఇలా తప్పును బలహీనుడి నెత్తిన పెడుతోంది. ఫిబ్రవరి నుంచి మే దాకా దించే పిల్లల సంఖ్యను తగ్గించి, ఆ లెక్కను ఒప్పందంలోనే రాయాలని రైతులు సంఘంగా అడగాలి. వడగాలుల రోజుల్లో చనిపోయిన కోళ్లకు కూలిలో కోత వేయకూడదని కూడా పట్టుబట్టాలి.