బిల్లు లేని బంగారం

మహానంది కోనేట్లో మునిగేముందు మనం చేసే పనేమిటి? మెడలో గొలుసు తీసి, మెట్టుమీద కూర్చున్న అత్తకో ఆడబిడ్డకో ఇస్తాం. ఎవరూ లేకపోతే పొడిచీర మడతల్లో దాస్తాం. పైకొచ్చేసరికి అది లేకపోతే అందరూ ముందుగా తిట్టేది దొంగను కాదు, మనల్నే. 'ఆ మాత్రం చూసుకోలేవా?' అని మొగుడు అరుస్తాడు. బీమా కంపెనీ అదే మాటను 'తగిన జాగ్రత్త తీసుకోలేదు' అని టైపు చేసి పంపుతుంది.

ఇంటికి బీమా ఉంది కదా అంటే, మామూలుగా అది నాలుగు గోడల వరకే. పోనీ, గోడల మధ్యనే పోయిందనుకోండి. శివరాత్రి జాగారానికి వెళ్లొచ్చేలోగా దొంగ మారు తాళంచెవితో తలుపు తీసి బీరువా ఊడ్చేస్తే, తాళం పగల్లేదు కాబట్టి అది పాలసీలో రాసిన దొంగతనం కాదంటారు. ఒక వ్యాపారి సరుకు పోయిన కేసులో (యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్, హర్‌చంద్ రాయ్ చందన్ లాల్, 2004) సుప్రీంకోర్టు కూడా ఈ వాదననే ఒప్పుకుంది. షరతులు మార్చుకోమని కంపెనీలకు హితవు చెప్పింది కూడా. హితవులకు కంపెనీలు మారేట్టయితే ఇంకేం!

2021 ఏప్రిల్‌లో నియంత్రణ సంస్థ తెచ్చిన ప్రామాణిక గృహబీమా పేరు 'భారత్ గృహ రక్ష'. అగ్నిప్రమాదమో వరదో వస్తే, దాని కారణంగా ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనానికే అందులో చోటు. దొంగ వరద వచ్చేదాకా ఆగాలన్నమాట! నగలకు విడిగా ప్రీమియం కట్టాలి. మొత్తం 5 లక్షలు, ఒక్కో వస్తువు లక్ష మించకపోతే విలువ ధ్రువపత్రం అక్కర్లేదన్నారు. 2025లో పది గ్రాముల బంగారమే లక్ష దాటింది.

అసలు బాధ బిల్లుతోనే. అవ్వ కమ్మలు కరిగించి అమ్మ చేయించిన గొలుసుకు, సెనక్కాయలు పండిన ఏడు ఆచారి కొలిమి ముందు కూర్చుని చేయించుకున్న గాజులకు బిల్లు ఎక్కణ్ణుంచి తేవాలి? చీటీ పాడి అంగట్లో కొన్నదానికి బిల్లుంటే దానిమీద మగని పేరు. పాలసీ కూడా ఆయన పేరుమీదే. నగ పోయింది ఆమెది, చెక్కు వచ్చేది ఆయనకు. స్త్రీధనం పూర్తిగా స్త్రీదేనని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో చెప్పింది, 2024లో మళ్లీ చెప్పింది. ఆ హక్కు బీమా పాలసీ దాకా రాలేదు.

మరి మనం? పొదుపు సంఘాల్లో అప్పుల లెక్క పైసలతో సహా రాయించాం. ఎవరి నగ ఏది, ఎన్ని గ్రాములు, ఎవరు పెట్టారు అని ఒక్క సంఘంలోనైనా రాయించామా? నగకు ఫోటో తీయించి, తూకం చీటీ జతచేసి, తోటి సభ్యురాళ్ల చేత సాక్షి సంతకాలు పెట్టించడం ఒక సాయంత్రం పని. పాలసీ ఆమె పేరున తీయించడం ఇంకో సాయంత్రం. ఫిర్యాదు చేసినవారికి ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. కంపెనీ కాదంటే ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రుసుం లేదు, వకీలు అక్కర్లేదు. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల గడువు.

బీమా నియంత్రణ సంస్థ ఆఫీసూ హైదరాబాదులోనే ఉంది. తాళం పగిలి తీరాలన్న షరతు తీసేయాలని, బిల్లు లేని స్త్రీధనానికి సాక్షుల మాట చెల్లాలని, సొమ్ము సొంతదారు ఖాతాలోనే పడాలని అక్కడికి అర్జీ పెట్టాలి. మీ సంఘంలో చర్చించి, చేర్చవలసినవి ఉంటే రాసి పంపండి.