రెండు సభలు, రెండు పార్టీలు

మన బాన్సువాడ బస్టాండు దగ్గరి హోటల్లో మొన్న చాయ్ మీద ఒక వాదన నడిచింది. "లోక్‌సభ ఒకరి చేతుల, రాజ్యసభ ఇంకొకరి చేతుల ఉంటే దేశం ముంగటికెట్ల పోతది? రెండూ ఒక్కరికే అప్పజెప్పాలె" అన్నాడు నాతో డిగ్రీ చదివిన మిత్రుడు. ఒకప్పుడు నేనూ అదే అనేవాణ్ణి. ఇప్పుడు అనలేను.

రెండు సభలూ ఒకే పార్టీ గుప్పిట్లో ఉన్న రోజులు దేశం చూడనివి కావు. 1976లో, ఎమర్జెన్సీ నడుమ, ప్రతిపక్ష నాయకులెందరో జైళ్ళలో ఉండగా 42వ రాజ్యాంగ సవరణ పాసయింది. లోక్‌సభ గడువు ఐదేళ్ళ నుంచి ఆరేళ్ళయింది. పని ఆగలేదు, నిజమే. ఆగితేనే బాగుండేది!

1977లో లోక్‌సభ జనతా పార్టీకి దక్కింది. మన రాష్ట్రం తీరే వేరు: 42 సీట్లలో 41 కాంగ్రెసువి, మిగిలిన ఒక్క నంద్యాల నీలం సంజీవరెడ్డిగారిది. రాజ్యసభలో మాత్రం కాంగ్రెసుదే పైచేయి. రాజ్యాంగ సవరణకు ఉమ్మడి సమావేశం దారి లేదు; ఏ సభకు ఆ సభ, ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతుల మందితో, ఒప్పుకోవాలి. కాబట్టి 1978లో 44వ సవరణకు ఇద్దరూ దిగిరాక తప్పలేదు. ప్రజాభిప్రాయ సేకరణ వంటి కొన్ని క్లాజులను రాజ్యసభ తోసేసింది. అయినా గడువు మళ్ళీ ఐదేళ్ళయింది. లోపలి అలజడి అనే సాకుతో ఎమర్జెన్సీ పెట్టే వీలు పోయి, సాయుధ తిరుగుబాటు ఉండాలన్న మాట వచ్చింది. ఎమర్జెన్సీలోనైనా జీవించే హక్కు కోసం కోర్టు తలుపు మూయరాదన్నారు. ఇవన్నీ ఈనాటికీ అమల్లో ఉన్నాయి. ఇద్దరూ చేవ్రాలు చేసిన కాగితం కదా!

నష్టమే లేదని నేననను. 1989లో రాజీవ్ గాంధీ పంచాయతీరాజ్ బిల్లు, 64వ సవరణ, లోక్‌సభలో నెగ్గి రాజ్యసభలో వీగిపోయింది. అక్కడ కాంగ్రెసుకు మూడింట రెండు వంతుల బలం లేదు. రాష్ట్రాలను పక్కకు నెట్టి ఢిల్లీ నేరుగా ఊళ్ళలో దిగుతున్నదని ప్రతిపక్షాల అభ్యంతరం. అందులో కొంత ఎన్నికల రాజకీయం, కొంత న్యాయం. చివరకు 1992 డిసెంబరులో మన పి.వి. నరసింహారావుగారి మైనారిటీ ప్రభుత్వం 73వ సవరణగా దాన్ని గట్టెక్కించింది. 400 పైచిలుకు సీట్లున్న సర్కారుకు కానిది, జాయింటు కమిటీలో కూర్చొని, చాలా సంగతులు రాష్ట్రాల ఇష్టానికి వదిలి, బలం లేని సర్కారు చేసింది.

"మూడేండ్లు ఉత్తగ పాయె గదా!" అన్నాడు మిత్రుడు.

పోయినయి. అంతేకాదు, రాష్ట్రాల ఇష్టానికి వదలడమూ ఒక ధరే. మహిళా రిజర్వేషను మీద వార్డు మెంబరుగా చేసిన మా చిన్నమ్మ ఒకనాడు అననే అన్నది: "కుర్సీ ఇచ్చిండ్రు బిడ్డా, పైసలెప్పుడిచ్చిండ్రు?"

ఈ మాట చెప్తే మిత్రుడు గెలిచినట్టు నవ్విండు. చాయ్ పైసలు నాతోనే ఇప్పించిండు.