ఇంటర్వ్యూకెళ్లానా? పెళ్లిచూపులకెళ్లానా?

మాది బనగానపల్లె. బి.కాం. పూర్తయి రెండేళ్లయింది. ట్యాలీ నేర్చుకున్నాను, జీఎస్టీ లెక్కలు రాయగలను. ఊళ్లో ఒక దుకాణానికి ఏడాదిపాటు లెక్కలు చూశాను కూడా. కర్నూలులో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంటెంటు ఉద్యోగముందంటే దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూకు రమ్మన్నారు. బండల ఫ్యాక్టరీలో పనిచేసే మా నాయన ఆ రోజు కూలి వదులుకుని నాకు తోడుగా వచ్చాడు.

పదింటికి రమ్మన్నవాళ్లు లోపలికి పిలిచేసరికి సాయంత్రం నాలుగైంది. నా సర్టిఫికెట్లు అటూ ఇటూ తిప్పి అడిగిన మొదటి ప్రశ్న... "పెళ్లెప్పుడమ్మా?" రెండోది, "సంబంధాలు చూస్తున్నారా?" మూడోది, "రేపు మీ ఆయన వద్దంటే మానేస్తావు కదా?" లెక్కల గురించి ఒక్కటంటే ఒక్కటే అడిగారు. సరిగానే చెప్పాను. "ఫోన్ చేస్తాం" అన్నారు.

చేశారు. పెద్దసారు చూడాలట, మళ్లీ రమ్మన్నారు. ఆయనవీ అవే ప్రశ్నలు! మూడోసారి జీతం మాట్లాడదామని పిలిచి, సారు ఊళ్లో లేరని తిప్పి పంపారు. మూడుసార్లూ బస్సు చార్జీలు, మూడుసార్లూ నాయన కూలి పోయాయి. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. మేమే ఫోన్ చేస్తే "చెప్తాం" అంటారు. నాలుగు నెలలైంది. "నీకా ఉద్యోగం వచ్చేలోపల యాగంటి బసవన్న లేచి రంకె వేస్తాడు లేవే" అని మా అవ్వ ఎగతాళి చేస్తోంది.

మధ్యలో ఇంట్లో పెళ్లిచూపులూ జరిగాయి. అక్కడేమో "అమ్మాయి ఉద్యోగం చేస్తుందా? ఎన్నాళ్లు చేస్తుంది?" అని అడిగారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉద్యోగమిచ్చేవాళ్లకు నా పెళ్లి కావాలి, పెళ్లికొచ్చినవాళ్లకు నా ఉద్యోగం కావాలి. నాకేం వచ్చో, నాకేం కావాలో మాత్రం ఎవరికీ అక్కర్లేదు!

"పని నేర్పించాక పెళ్లి చేసుకుని వెళ్లిపోతే మా గతేమిటి?" అంటారు యజమానులు. నిజమే, నష్టమే. కానీ నాతోపాటు వచ్చిన అబ్బాయికి బెంగళూరులో ఇంకో నాలుగు వేలు ఎక్కువిస్తామంటే ఆగుతాడా? అతన్ని ఆ మాట అడగనే లేదట. బయటికొచ్చాక నేనే కనుక్కున్నాను.

ఇది ఈనాటి గోడు కాదు. మన విదేశాంగ సర్వీసులో 1949లో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ చేత, పెళ్లి చేసుకుంటే రాజీనామా చేస్తానని రాయించుకున్నారు. ఆమె సుప్రీంకోర్టుకెక్కితే 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ వివక్షను తీవ్రంగా తప్పుపట్టారు. ఉద్యోగంలో చేరే స్త్రీలు నెలసరి, గర్భం వివరాలు రాసివ్వాలన్న ఎల్ఐసీ పత్రంలోంచి ఆ ప్రశ్నలు తీసేయమని, నీరా మాథుర్ కేసులో 1991లో అదే కోర్టు చెప్పింది. కాగితాల మీది ప్రశ్నలు పోయాయి సరే, నోటితో అడిగేవి ఎప్పుడు పోతాయి?

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. పని గురించి ఎన్ని ప్రశ్నలైనా వేయండి. ఇవ్వడం లేదనుకుంటే, లేదని ఒక్క ముక్క చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి. లెక్కల్లో తప్పుంటే దిద్దుకుంటాను. ఆడపిల్లనవడమే తప్పయితే దాన్నెట్లా దిద్దుకోను?

వచ్చే వారం నంద్యాలలో ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ఈసారి ఒక్కదాన్నే వెళ్తున్నాను. మళ్లీ "పెళ్లెప్పుడమ్మా?" అంటే, "నాకంటే ముందొచ్చిన అబ్బాయిని కూడా ఇదే అడిగారా సార్?" అని అడగాలనుకుంటున్నాను. ఉద్యోగం పోతుందని అమ్మ భయం. ఇన్నాళ్లూ నోరు మూసుకున్నందుకు వచ్చిందేముంది? నేను అడగడం తప్పంటారా... మీరే చెప్పండి!

— ఒక పాఠకురాలు, బనగానపల్లె